ఉదయగిరి దుర్గ ముట్టడి: శాసన, కావ్య, వృత్తాంత సాక్ష్యాల సమన్వయం

శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రలో ప్రథమ ఘట్టం ఉదయగిరి దుర్గ గ్రహణం. ఈ ఘట్టాన్ని పేర్కొనని విజయనగర చరిత్ర గ్రంథం లేదు. రాయల కాలపు ప్రబంధావతారికలను బోధించే తరగతిలో ఈ దుర్గం పేరు వినబడకుండా ఉండదు. అయినప్పటికీ ఈ కోట ఎట్లా పట్టుబడినదన్న ప్రశ్నకు సాధారణంగా లభించే సమాధానం రెండు విధాలుగా ఉంటున్నది. రాయల భుజబల ప్రతాపం వల్ల అని ఒకటి. తిమ్మరుసు మంత్రి బుద్ధిబలం వల్ల అని మరొకటి. మొదటిది కావ్యాల నుండి వచ్చిన భావన. రెండవది తరువాతి కాలపు వచన చరిత్రల నుండి వచ్చినది. సమకాలిక శాసనాలను, కావ్యాలను, సమీప కాలపు విదేశీయ వృత్తాంతాన్ని ఒకచోట చేర్చి చూచినప్పుడు ఈ రెండింటికీ భిన్నమైన మూడవ సమాధానం తోస్తున్నది. ఆ సమాధాన నిరూపణమే ఈ వ్యాస లక్ష్యం.

దుర్గలంభోపాయాలు

ముట్టడి స్వరూపాన్ని నిర్ణయించడానికి ప్రాచీన రాజనీతి శాస్త్ర పరిభాష ఉపకరిస్తుంది. మనువు దుర్గాలను ఆరు విధాలుగా విభజించి, వాటిలో గిరిదుర్గానికి శ్రేష్ఠత్వం చెప్పినాడు. ప్రాకారం మీద నిలిచిన ఒక ధానుష్కుడు క్రింద ఉన్న నూరుగురితో పోరాడగలడని ఆయన మతం. కౌటిల్యుడు అర్థశాస్త్రం పదమూడవ అధికరణంలో శత్రుదుర్గాన్ని పొందే ఉపాయాలను ఐదుగా లెక్కించినాడు. అవి ఉపజాపం, అపసర్పం, వామనం, పర్యుపాసనం, అవమర్దం. లోపలివారిలో భేదం కల్పించడం ఉపజాపం. గూఢచారుల ప్రయోగం అపసర్పం. శత్రువును కోటలో నుండి వెలుపలికి రప్పించడం వామనం. చుట్టుముట్టి దీర్ఘకాలం నిరోధించడం పర్యుపాసనం. బలప్రయోగంతో కోటను మర్దించి లోబరచుకోవడం అవమర్దం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అర్థశాస్త్ర మాతృక 1905లో ఆర్. శామశాస్త్రి దృష్టికి వచ్చి, 1909లో ముద్రితమైనది. పదునారవ శతాబ్దిలో రాయలు గాని, ఆయన మంత్రులు గాని ఆ గ్రంథాన్ని ముందుంచుకొని యుద్ధం చేసినారని చెప్పడానికి ఆధారం లేదు. కామందకుని నీతిసారం వంటి గ్రంథాల ద్వారా ఆ సంప్రదాయం రాజాస్థానాలలో నిలిచి ఉన్నది. కనుక పై ఐదు పదాలను ఈ వ్యాసంలో కారణాలుగా కాక, వర్గీకరణకు ఉపకరించే సంజ్ఞలుగా మాత్రమే గ్రహించవలె. ఒక్కొక్క ఆధారం ఉదయగిరి విషయంలో ఏ ఉపాయాన్ని సూచిస్తున్నదో గుర్తించడానికి ఈ సంజ్ఞలు సాధనాలు.

పూర్వరంగం

ఉదయగిరి నేటి నెల్లూరు జిల్లాలో, నెల్లూరు పట్టణానికి వాయవ్యంగా సుమారు 100 కి.మీ. దూరంలో ఉన్నది. సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున్న కొండ మీద, దాని పాదభాగంలో దుర్గ నిర్మాణాలు వ్యాపించి ఉన్నాయి. కొండ పార్శ్వాలు అనేక స్థలాలలో నిట్టనిలువుగా ఉండడం ఈ దుర్గానికి సహజ రక్షణ. తీరాంధ్రానికీ తొండమండలానికీ నడుమ రాకపోకలను అదుపులో ఉంచగల స్థానం ఇది. అందువల్లనే గజపతులకు, విజయనగర ప్రభువులకు మధ్య ఈ కోట పలుమార్లు చేతులు మారినది.

క్రీ.శ. 1434–35 ప్రాంతంలో రాజ్యానికి వచ్చిన కపిలేశ్వర గజపతి ఓఢ్ర రాజ్యాన్ని దక్షిణంగా విస్తరింపజేసినాడు. 1460 దశకంలో ఆయన కుమారుడు హంవీరుని సేనలు తమిళ దేశం వరకు నడిచినాయి. కపిలేశ్వరుని అనంతరం ఏర్పడిన కల్లోలంలో సాళువ నరసింహుడు ఉదయగిరిని వశపరచుకొన్నాడు. పురుషోత్తమ గజపతి దానిని మరల సాధించినాడు. 1497లో ప్రతాపరుద్ర గజపతి సింహాసనం అధిష్ఠించేనాటికి ఉదయగిరి, కొండవీడు రెండూ గజపతుల అధీనంలోనే ఉన్నాయి.

సాళువ నరసింహుడు మరణకాలంలో తన వారసులు సాధించవలసిన మూడు దుర్గాలను నిర్దేశించినాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసినాడు. అవి రాయచూరు, ఉదయగిరి, కొండవీడు. 1509లో రాజ్యానికి వచ్చిన కృష్ణరాయలు ఉదయగిరిని 1514లో, కొండవీటిని 1515లో, రాయచూరును 1520లో గ్రహించినాడు. ఆ మరణశాసనపు మాట యథాతథంగా నిజమైనా కాకపోయినా, ఈ యుద్ధం విజయనగరంలో పూర్వుల నుండి వచ్చిన ఋణంగా భావింపబడినదని ఆ కథనం తెలుపుతున్నది.

శాసన సాక్ష్యం: కాలనిర్ణయం

ముట్టడి కాలాన్ని నిర్ణయించడానికి ప్రధానాధారం తిరుమల శాసనాలు. 1514 జూలై 6 నాటి శాసనంలో కృష్ణరాయలు ప్రతాపరుద్ర గజపతి మీద దండెత్తి, అతనిని కొండవీటి వరకు తరిమి, ఉదయగిరి దుర్గాన్ని సాధించి, రాజధానికి తిరిగి వస్తూ శ్రీవేంకటేశ్వరుని దర్శించినట్లు ఉన్నది. ఆ సందర్భంలో రాయలు 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం జరిపినాడు. కనుక దుర్గ పతనం ఈ తేదీకి కొద్దికాలం ముందు, అనగా 1514 జూన్ ప్రాంతంలో, జరిగి ఉండవలె.

ఆరంభకాలం విషయం ఇంత సూటిగా తెలియదు. న్యూనిజ్ ముట్టడి ఏడాదిన్నర సాగినదని వ్రాసినాడు. 1514 మధ్యభాగం నుండి ఏడాదిన్నర వెనుకకు లెక్కించితే 1513 ప్రారంభం వస్తుంది. కృష్ణరాయలు రాణులతో కూడ తిరుమలను ప్రథమంగా దర్శించి, రత్నఖచిత కిరీటాది ఆభరణాలను సమర్పించిన తేదీ 1513 ఫిబ్రవరి 10. దండయాత్రకు బయలుదేరిన ప్రభువు ఇష్టదైవాన్ని సేవించి శత్రుదుర్గం వైపు సాగినాడని ఊహించడం సమంజసం. శాసనాన్ని ఎరుగని విదేశీయుని కాలగణన, వృత్తాంతాన్ని ఎరుగని శాసనపు తేదీ ఈ విధంగా ఒకదానినొకటి సమర్థిస్తున్నాయి.

ఇంతకన్న గమనింపదగిన అంశం మరొకటి ఉన్నది. అదే 1513లో మే 2న, జూన్ 13న కూడ రాయల తిరుమల దర్శనాలు శాసనస్థమైనాయి. ముట్టడి 1513 ప్రారంభంలోనే మొదలైన పక్షంలో ఈ రెండు దర్శనాలు ముట్టడి నడుస్తుండగా జరిగినవే. అనగా రాయలు ఏడాదిన్నర కాలం నిరంతరంగా కోట క్రింద శిబిరంలో ఉండలేదు. సేనానులకు నిరోధ భారాన్ని అప్పగించి తాను వెలుపలికి వెళ్లగలిగినాడు. ప్రభువు పరోక్షంలో కూడ కొనసాగగలిగే యుద్ధం పర్యుపాసనమే గాని ఆకస్మికాక్రమణం కాదు. ముట్టడి స్వరూపాన్ని గురించి తిరుమల శాసనాల తేదీలు పరోక్షంగా చెప్పే మాట ఇది.

శాసనంలో గజపతిని కొండవీటి వరకు తరిమినట్లు చెప్పడం కూడ ఈ సందర్భంలో ముఖ్యమే. నిరోధం ఫలించడానికి రెండు పనులు జరుగవలె: లోపలివారు బయటికి రాకుండా చూడడం ఒకటి, వెలుపలి సహాయం లోపలికి చేరకుండా చూడడం రెండవది. గజపతి సైన్యాన్ని కృష్ణా తీరాభిముఖంగా తరుమడంతో ఈ రెండవ కార్యం నెరవేరినది. ఆ పైన ఉదయగిరిలోని రక్షకదళానికి ఆశ మిగలలేదు.

విదేశీయుని వృత్తాంతం: శ్రమచిత్రణ

న్యూనిజ్ అశ్వవర్తకుడు. 1535–37 ప్రాంతంలో, అనగా ముట్టడి ముగిసిన రెండు దశాబ్దాల తరువాత, విజయనగరంలో తాను విన్న విషయాలను క్రోడీకరించినాడు. ఆ రచనకు ఆంగ్లానువాదాన్ని 1900లో రాబర్ట్ సూయల్ ప్రకటించిన తరువాతనే అది ఈ దేశపు చరిత్రకారులకు విస్తారంగా అందినది. న్యూనిజ్ ప్రత్యక్షసాక్షి కాడు. వ్యక్తుల పేర్లను, స్థలనామాలను వికృతంగా వ్రాసినాడు. అయినా ఉదయగిరి విషయంలో అతడు అందించిన వివరాలు మరే ఇతర ఆధారంలోనూ లభించవు.

అతని కథనాన్ని అనుసరించి రాయల సేనలో 34,000 మంది పదాతులు, 800 ఏనుగులు ఉన్నాయి. కోట లోపల 10,000 మంది పదాతులు, 400 మంది ఆశ్వికులు మాత్రమే. సహజంగా దుర్భేద్యమైన స్థలం గనుక అంతకు మించిన బలం దానికి అవసరం లేదని, ఆకలి చేత తప్ప దానిని సాధించే మార్గం లేదని అతడు వివరించినాడు. కోటకు చేరే దారి ఒక్కటే. అది ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడువగలిగినంత ఇరుకైనది. రాయలు ఆ దారిని విశాలపరచి, కొండలలో మరికొన్ని దారులు తొలిపించి, పెద్ద బండలను పగులగొట్టించి, సైనికులు కోట బురుజుల సమీపానికి చేరేటట్లు చేసినాడు. తుదకు కోటను బలప్రయోగంతో పట్టుకొన్నాడు. ఇదీ న్యూనిజ్ కథనసారం.

ఈ సంఖ్యలు విశ్వసనీయమేనా అన్న సందేహం సహజం. కొండవీటి యుద్ధ సందర్భంలో ఇదే రచయిత గజపతి సైన్యాన్ని 1,300 ఏనుగులు, 20,000 గుర్రాలు, 5,00,000 పదాతులు అని పేర్కొన్నాడు. ఆ చివరి సంఖ్య అతిశయోక్తి అనడంలో సందేహం లేదు. శత్రుబలాన్ని పెంచి చెప్పడం వల్ల విజేత కీర్తి పెరుగుతుంది. దానికి భిన్నంగా ఉదయగిరి విషయంలో ఉభయపక్షాల సంఖ్యలూ మితంగా ఉన్నాయి. లోపలి బలం వెలుపలి బలంలో మూడవ వంతుకు లోపే. ప్రశంస కోసం కల్పించిన లెక్క అయితే ఈ విధంగా ఉండదు. కనుక కచ్చితమైన గణనలుగా కాకపోయినా, ఉభయబలాల తారతమ్యాన్ని సూచించే ప్రమాణంగా వీటిని స్వీకరించవచ్చు.

ఈ తారతమ్యాన్ని మనువు చెప్పిన ప్రమాణంతో పోల్చినప్పుడు బండలు పగులగొట్టవలసిన అగత్యం స్పష్టమవుతుంది. ప్రాకారస్థుడైన ఒకడు నూరుగురికి సాటి అన్నప్పుడు, పదివేల మంది రక్షకులపై ముప్పదినాలుగు వేల మంది ఒక్క ఇరుకుదారి గుండా ఎక్కి గెలువగలగడం అసంభవం. ఆ దారిలో సంఖ్యాబలం నిరర్థకం; ఎందరున్నా ముందు నిలిచేవాడు ఒక్కడే. ఏనుగులకు అక్కడ ప్రవేశమే లేదు. దారిని వెడల్పు చేసినప్పుడే వెలుపలి సంఖ్యాధిక్యం యుద్ధబలంగా మారుతుంది. అందువల్ల ఉదయగిరి ముట్టడిలో నిర్ణాయకమైన ఆయుధం ఖడ్గం కాదు. బండను చీల్చిన ఉలి, సుత్తి, గడ్డపార. ఏడాదిన్నర కాలం ఒకవైపు కోటలోని ధాన్యం తరిగిపోవడానికి, మరొకవైపు వెలుపలి దారి పెరగడానికి పట్టినది. పర్యుపాసనంతో మొదలై అవమర్దంతో ముగిసిన ముట్టడి ఇది.

కావ్య సాక్ష్యం: శిల, లోహం

అల్లసాని పెద్దన మనుచరిత్రావతారికలో రాయల కళింగ విజయయాత్రను ఒక సీసపద్యంలో అగ్నిరూపకంగా వర్ణించినాడు. ఖడ్గలోహం ఉదయాద్రి శిలకు తాకినప్పుడు మొదట వేడి పుట్టినది. అది కొండవీటికి ఎక్కి కసవాపాత్రుని అంటుకొన్నది. అక్కడి నుండి పలు స్థలాలను దహిస్తూ గౌతమిని దాటి, పొట్నూరు మీదుగా కటకం వరకు వ్యాపించినది. పద్యభావం ఇది. ఇందులోని స్థలక్రమం శాసనాల వల్ల తెలిసే దండయాత్రా క్రమంతో సరిపోవడం చరిత్రకారులు ఇదివరకే గుర్తించిన విషయం.

ఇక్కడ భాషాశాస్త్ర దృష్టితో గమనింపదగిన అంశాలు రెండు ఉన్నాయి. మొదటిది కసవాపాత్రుని పేరు. కసవు అనగా గడ్డి. నిప్పు కసవుకు అంటుకొన్నదన్న శ్లేష పద్యానికి ప్రాణం. ఈ పేరు కవి శ్లేష కోసం కల్పించుకొన్నదేమో అన్న అనుమానానికి శాసనం సమాధానం చెబుతున్నది. కొండవీట పట్టుబడిన గజపతి పక్షపు ప్రముఖుల శాసన పట్టికలో ప్రతాపరుద్రుని కుమారుడు వీరభద్రుడు, కుమార హంవీరుని పుత్రుడు నరహరిదేవుడు, పూసపాటి రాచిరాజు, శ్రీనాథరాజు మొదలైనవారితో పాటు జన్యాల కసవాపాత్రుడు ఉన్నాడు. వాస్తవమైన వ్యక్తినామాన్నే కవి శ్లేషకు అనువుగా మలచుకొన్నాడు. అవతారిక పద్యాలను కేవల స్తుతులని త్రోసివేయడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క పదం చాటుతున్నది.

రెండవది ఉదయాద్రి శబ్ద ప్రయోగం. సంస్కృతాంధ్ర కవిసమయంలో ఉదయాద్రి సూర్యుడు ఉదయించే పర్వతం. ప్రతాపసూర్యుడు ఉదయాద్రిపై పొడిచినాడని చెప్పడం కవికి అందుబాటులో ఉన్న అతి సులభమైన శ్లేష. పెద్దన ఆ దారిన పోలేదు. ఉదయాద్రిని సూర్యోదయ స్థానంగా కాక శిలగా, దానిని తాకిన ఆయుధాన్ని లోహంగా చూచినాడు. చెకుముకిరాయిని ఉక్కుతో కొట్టగా నిప్పు పుట్టే లోకానుభవం ఆ రూపకానికి ఆధారం. కొండబండలను పగులగొట్టిన వార్త కవికి తెలిసే ఈ రూపకం పుట్టినదని నిర్ధారించడానికి వీలు లేదు. కాని వృత్తాంతకారుని స్మృతిలోనూ, కవి కల్పనలోనూ ఉదయగిరి అనగానే మొదట నిలిచినది రాయి అన్నంత వరకు నిరాక్షేపంగా చెప్పవచ్చు.

అయితే కావ్యం ఒక విషయాన్ని మరుగుపరచినది. రాయీ లోహమూ తాకిన క్షణంలోనే నిప్పు పుడుతుంది. ఏడాదిన్నర కాలపు నిరోధం ఆ రూపకంలో ఒక్క నిప్పురవ్వగా సంక్షిప్తమైనది. ఇది కవి దోషం కాదు; రూపక స్వభావం. చరిత్రను బోధించేవారు స్థలక్రమానికి, వ్యక్తినామాలకు ఈ పద్యాన్ని ప్రమాణంగా తీసుకోవచ్చును గాని కాలపరిమితికి తీసుకోరాదు.

రాయవాచకంలోని ఉపజాపం

గజపతి పరాజయానికి తిమ్మరుసు తంత్రమే కారణమన్న కథకు మూలం రాయవాచకం. గజపతి కొలువులోని పదునారుగురు పాత్రుల పేర అప్పాజీ కపటలేఖలను, ధనాన్ని పంపి, అవి గజపతి కంటబడేటట్లు చేసి, ప్రభువుకు తన సామంతుల మీద అవిశ్వాసం కల్పించినాడని అందులో ఉన్నది. గజపతి భయపడి పలాయనం చేసినాడని కథాసారం. కుమార ధూర్జటి కృష్ణరాయవిజయం కూడ ఈ సంప్రదాయాన్నే అనుసరించినది. కౌటిల్య పరిభాషలో ఇది శుద్ధమైన ఉపజాపం.

రాయవాచకం రాయల సమకాలంలో వ్రాసినట్లు తోచే రీతిలో ఉన్నా, అది పదునారవ శతాబ్ది చివరి భాగంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిన రచన అని ఆధునిక పరిశోధకులలో అధికుల అభిప్రాయం. ఫిలిప్ వాగనర్ 1993లో ప్రకటించిన ఆంగ్లానువాద గ్రంథంలో ఈ కాలనిర్ణయాన్ని సవిస్తరంగా ప్రతిపాదించినాడు. కనుక ముట్టడికి, ఈ రచనకు మధ్య ఎనుబది సంవత్సరాలకు తక్కువ కాని వ్యవధి ఉన్నది.

శాసనాలు ఈ కథను ఉదయగిరి, కొండవీడు ఘట్టాలకు అన్వయింపనివ్వవు. పాత్రులు ప్రభువును విడిచి పోలేదు. కోటలలో నిలిచి పట్టుబడినారు. ఉదయగిరిలో ప్రతాపరుద్రుని పినతండ్రి వరుసవాడైన తిరుమల రాహుతరాయ మహాపాత్రుడు బందీ అయినాడు. కొండవీట పట్టుబడిన మహాపాత్రుల, సామంతుల పట్టిక దీర్ఘమైనది. స్వామిద్రోహం చేసినవారికి బందీల పట్టికలో స్థానం ఉండదు. రాయవాచకంలోని ఉపజాపం కటకం మీదికి సాగిన తుదిఘట్టానికి చెందిన కథగా నిలువవచ్చును. దానిని వెనుకకు జరిపి ఉదయగిరికి ముడిపెట్టడం సాధువు కాదు. అట్లా ముడిపెట్టినప్పుడు నష్టపోయేవారు ఇరువైపుల ఉన్నారు: నెలల తరబడి ఆకలిని సహించి నిలిచిన లోపలి రక్షకులు, బండలను పగులగొట్టిన వెలుపలి శ్రామికులు. ఒకరి విశ్వాసం, మరొకరి శ్రమ ఆ కథలో కనుమరుగవుతున్నాయి.

బందీల విషయం

ఉదయగిరిలో పట్టుబడినవారిని గురించి ఆధారాల మధ్య ఒక భేదం ఉన్నది. శాసనాలు తిరుమల రాహుతరాయని పేర్కొనగా, న్యూనిజ్ గజపతి మేనత్త లేక పినతల్లి వరుస స్త్రీ ఒకామె పట్టుబడినట్లు వ్రాసినాడు. రాయలు ఆమెను సకల మర్యాదలతో, స్వేచ్ఛతో ఉంచి తన వెంట తీసుకొని వెళ్లినాడని కూడ అతడు చెప్పినాడు. ఈ రెండు కథనాలకూ విరోధం లేదు. దుర్గాధ్యక్షుడైన రాజబంధువుతో పాటు అంతఃపుర స్త్రీలు కోటలో ఉండడం సహజం. శాసనానికి యోధుని పేరు ముఖ్యం. వృత్తాంతకారుని చెవికి స్త్రీపట్ల రాజు చూపిన మర్యాద ముఖ్యం.

ఈ మర్యాదకు ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణంతో సంవాదం ఉన్నది. శత్రుదుర్గాలను పట్టినప్పుడు అక్కడి శుద్ధాంతకాంతలు చిక్కితే వారిని పుట్టినింటివారి వలె ఆదరించవలెనని రాయలు అక్కడ చెప్పినాడు. ఈ నీతిని యామునాచార్యుని నోట వెలువడిన సామాన్య శాస్త్రోపదేశంగా భావించడం పరిపాటి. న్యూనిజ్ కథనాన్ని ప్రక్కన ఉంచి చూచితే, అది ఆచరణలో నుండి వచ్చిన మాట అని తోస్తున్నది. ఆముక్తమాల్యద అవతారిక కూడ కళింగ దండయాత్రనే నేపథ్యంగా గ్రహించినది. ఆ యాత్రా మధ్యంలో విజయవాడలో విడిసి, శ్రీకాకుళాంధ్ర విష్ణుని సేవించినప్పుడు ఈ కావ్యరచనకు స్వప్నంలో ఆదేశం లభించినట్లు రాయలు చెప్పుకొన్నాడు. కనుక దుర్గగ్రహణానుభవం కావ్యరాజనీతిలో ప్రతిఫలించినదనడం అసంగతం కాదు.

జయానంతర వ్యవస్థ

అదే ప్రకరణంలో దుర్గాలను ఆప్తులైన బ్రాహ్మణుల అధీనంలో ఉంచవలెనన్న సూత్రం ఉన్నది. గ్రహణానంతరం జరిగిన నియామకాలు దీనికి అనుగుణంగా ఉన్నాయి. ఉదయగిరి పాలన రాయసం కొండమరుసుకు దక్కినది. కొండవీటి రాజ్యం సాళువ తిమ్మరుసుకు, ఆయన ద్వారా మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రికి సంక్రమించినది. గోపమంత్రి ప్రబోధచంద్రోదయ నాటకానికి చంద్రిక అనే వ్యాఖ్యను సంస్కృతంలోను, కృష్ణార్జున సంవాదాన్ని తెలుగులోను రచించినవాడు కావడం సాహిత్య విద్యార్థులకు ఆసక్తికరమైన విషయం. గజపతి ఆస్థాన పండితుడైన లొల్ల లక్ష్మీధరుడు అనంతరకాలంలో రాయల ఆశ్రయాన్ని పొందినాడని పండిత సంప్రదాయం. రాజ్యాల సరిహద్దులు మారినప్పుడు పండితులు, గ్రంథాలు కూడ చేతులు మారినారని దీనివల్ల గ్రహించవచ్చు.

ఉదయగిరి నుండి రాయలు తీసుకొని వెళ్లిన వస్తువులలో చిరకాలం నిలిచినది బాలకృష్ణ విగ్రహం. విజయనగరంలోని కృష్ణస్వామి ఆలయంలో ఈ విగ్రహాన్ని రత్నమంటపంలో ప్రతిష్ఠించినట్లు శాసనం ఉన్నది. దాని తేదీ శా.శ. 1436 భావ సంవత్సర ఫాల్గుణ శుద్ధ తదియ శుక్రవారం, అనగా 1515 ఫిబ్రవరి 16. ఆ ఆలయ గోపురం మీద ఆశ్వికులు, గజారూఢులు, డాలు ధరించిన భటులు గచ్చుబొమ్మలుగా ఉన్నారు. వీటిని ఉదయగిరి విజయానికి సంబంధించిన శిల్పాలుగా పరిశోధకులు గుర్తించినారు. విగ్రహం తరువాతి కాలంలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం చేరినది.

ఈ ప్రతిష్ఠ తేదీ మరొక విధంగా కూడ ఉపకరిస్తుంది. కొండవీడు పట్టుబడినది శా.శ. 1437 యువ సంవత్సర ఆషాఢ శుద్ధంలో హరివాసరం, శనివారం నాడు. అనగా 1515 జూన్ 23. ఫిబ్రవరి మధ్యభాగంలో రాజధానిలో ప్రతిష్ఠ జరిపిన రాయలు జూన్ చివరివారానికి కొండవీటిని సాధించినాడు. ఈ నడుమనే అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం మొదలైన గిరిస్థలదుర్గాలు స్వాధీనమైనట్లు శాసనాలు తెలుపుతున్నాయి. కావున రాయలు స్వయంగా నడిపిన కొండవీటి యుద్ధఘట్టం నాలుగున్నర నెలలకు మించదు. ఉదయగిరికి పట్టిన కాలంలో నాలుగవ వంతులోపు వ్యవధిలో ఇన్ని దుర్గాలు లొంగినాయి. మొదటి కోట దగ్గర జరిగిన దీర్ఘ నిరోధమే తరువాతి కోటల ధైర్యాన్ని సడలించినదని ఊహించడానికి ఈ కాలభేదం అవకాశం ఇస్తున్నది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తిరుమల శాసనాల తేదీలు, న్యూనిజ్ చెప్పిన ఏడాదిన్నర కాలం పరస్పరం సమన్వయిస్తున్నాయి. ముట్టడి 1513 ప్రారంభం నుండి 1514 మధ్యభాగం వరకు సాగినది. ఈ కాలంలో రాయలు ఎల్లవేళలా శిబిరంలోనే ఉన్నాడని భావింపనక్కరలేదు.

2. ఉదయగిరి గ్రహణంలో ప్రధానోపాయం పర్యుపాసనం, ముగింపు అవమర్దం. ఉపజాపకథ సుమారు ఎనుబది సంవత్సరాల తరువాతి రచనకు చెందినది. బందీల శాసన పట్టిక దానికి ప్రతికూలంగా ఉన్నది.

3. మనుచరిత్ర అవతారిక పద్యం స్థలక్రమానికి, వ్యక్తినామాలకు ప్రామాణికం, కాలపరిమితికి కాదు. కసవాపాత్రుని పేరు కవికల్పితం కాదని శాసనం నిరూపిస్తున్నది.

4. ఆముక్తమాల్యద రాజనీతిలోని దుర్గాధ్యక్ష నియామక సూత్రాన్ని, బందీస్త్రీల పట్ల చెప్పిన ధర్మాన్ని ఈ దండయాత్రానుభవంతో జోడించి పఠించవలె.

శాసనం దానాలను, పేర్లను నిలిపినది. కావ్యం ప్రతాపాన్ని నిలిపినది. కొండను చీల్చి దారి వేసినవారి ప్రసక్తి ఒక్క విదేశ వర్తకుని వ్రాతలో మాత్రమే మిగిలినది. అందులోనూ వారి పేర్లు లేవు. ఉదయగిరి విజయాన్ని బోధించేటప్పుడు రాయల ప్రతాపంతో పాటు, అప్పాజీ బుద్ధితో పాటు, ఆ దారిని కూడ చెప్పడం అధ్యాపకుల కర్తవ్యం. అప్పుడే ప్రబంధావతారికలోని రాయికీ ఉక్కుకూ విద్యార్థి మనస్సులో చారిత్రకమైన అర్థం ఏర్పడుతుంది.